ఏ పెట్టె ముందు?

రైలు మలుపు తిరగ్గానే ఎదుటి సీటామె ల్యాప్‌టాప్ జారి నా ఒళ్లో పడింది. తెర నిండా ఎర్రటి అక్షరాలు.

"తాతగారూ, ఏమీ నొక్కలేదు కదా?" అంది.

నలభై దాటిన ఆవిడ నన్ను తాతని చేయడం కాస్త గుచ్చుకుంది గానీ, ఊళ్లు పట్టుకు తిరిగేవాడికి కబుర్లు ముఖ్యం. సర్దుకున్నాను.

పద్నాలుగేళ్లుగా స్టేషన్లో, పోయిన సామాన్ల కౌంటర్లో కూర్చుంటోందట ఆమె. తోటివాళ్లు పెట్టెలక్క అంటారు. విరిగిన చక్రం తడిమి పెట్టె ఎవరిదో చెప్పేస్తుంది. నేను మూడు దేశాల్లో నాలుగు పెట్టెలు పోగొట్టుకున్నాను. ఇలాంటి మనిషి ఒక్కచోటా తగల్లేదు. ఆమె ఈమధ్యే ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ఏ రకం వస్తువులిచ్చినా వరుసగా పేర్చే ఫంక్షన్ ఒకటి రాసింది. పదకొండింటికి పెద్దాఫీసరు ముందు నడిపి చూపాలి. నడిస్తే కంప్యూటర్ విభాగం, లేదంటే మళ్లీ ఆ కౌంటరే. ఆమె దిగాల్సింది వచ్చే స్టేషన్లోనే.

అంకెలు, పేర్లు ఇస్తే, రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చే కంపైలర్ కిమ్మనలేదు. ఆమె సొంతంగా కట్టిన 'పెట్టె' రకం ఇవ్వగానే మొరాయించింది. రెండు పెట్టెల్లో ఏది ముందో నాకు తెలియదు పొమ్మంది. ఆమె బ్రాకెట్లు మార్చింది, పేర్లు మార్చింది, చివరికి బతిమాలింది కూడా. రెండు పెట్టెలు ఒకటేనా కాదా అని పోల్చే భాగం మాత్రం ముప్పై వరుసలుంది. రంగు, జిప్పు, గీతలు, ఒక్క లోపలి వాసన తప్ప అన్నీ. ఇంత చెప్పాక మిగతాది దానికి తెలియొద్దా అని ఆమె ఉక్రోషం.

"మీ కౌంటర్లో ఏ పెట్టె ముందిస్తారమ్మా?" అన్నాను.

"ముందూ వెనకా ఏముంది తాతగారూ. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లది."

"మరి అదే రాయండి దానికి."

నవ్వబోయి ఆగిపోయింది. పద్నాలుగేళ్లుగా ఆ కౌంటర్లో అడిగిందల్లా, ఇది అదేనా అని. ఏది ముందని అడిగినవాళ్లు లేరు. అరవడం చేతకానివాళ్ల పెట్టెలు అటక మీదే ఉండిపోయాయి. కౌంటరు అలవాటే ప్రోగ్రాంలోకీ దిగింది.

ఎక్కువ రోజులుగా పడున్నది ముందు. రోజు ఒకటే అయితే చీటీ నంబరు. నాలుగు వరుసలు రాసి, కళ్లు మూసుకుని నొక్కింది. ఎరుపు పోయింది. అటక మీది పెట్టెల జాబితాలో మొదట నిలిచింది తొమ్మిదేళ్ల నాటి ఆకుపచ్చ పెట్టె.

"ఇది మా పెద్దాఫీసరుదే," అంది తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "అప్పట్లో గుమాస్తా. ఒక్కసారి వచ్చి మెల్లగా అడిగి వెళ్లిపోయారు."

రైలు ఆగింది. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, వస్తానని కూడా అనకుండా, ఆకతాయి పిల్లలా నవ్వుకుంటూ జనంలో కలిసిపోయింది. నేను వంగి, సీటు కింద నా పెట్టె నాదేనా అని చూసుకున్నాను.