దావూద్ తాత చూడని పక్క

గద్వాల స్టేషన్‌లో గూడ్సు వాగన్లు తనిఖీ చేసి రిటైరైన దావూద్ తాత, తన పెళ్లినాడు కూడా జీపు చక్రాలను సుత్తితో తట్టి చూశాకే ఎక్కాడట. ఆయన భార్య మెహరున్నిసా ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. అలాంటి మనిషిని పట్టుకొచ్చి బడిపిల్లల బొమ్మ వాగన్ల పోటీకి మార్కులు వేయమంటే ఇంకేముంది! ప్రతి బొమ్మా అసలు వాగన్‌ను అచ్చు దించినట్టుండాలన్నది షరతు. తాత భూతద్దం పట్టుకుని కనికరం లేకుండా తెగ్గోస్తున్నాడు.

"గీ తలుపుకు కొండి ఏది బిడ్డా? కర్నూలు దాకా బియ్యం బస్తాలను నువ్వే పట్టుకుంటవా?"

"దాదా, జర దయుంచు, ఏడుస్తరు," అంది వెంట వచ్చిన మనవరాలు సిద్రా.

ఐదో బల్ల దగ్గర తాత ఆగిపోయాడు. అక్కడ జానెడు పొడవున నల్లటి నీళ్ల వాగన్. మీటర్‌గేజి రోజుల్లో బావుల్లేని స్టేషన్లకు గద్వాల నుంచి నీళ్లు మోసిన వాగన్ అది. పదకొండేళ్లు తాత చేతి కిందే తిరిగింది. మూత మీది సొట్టతో సహా బొమ్మలో దిగిపోయింది. తడి ఇనుము వాసన ముక్కుకు తగిలినట్టయింది ఆయనకు.

మెల్లగా అవతలి పక్కకు తిప్పాడు. అడుగున నీళ్లు పట్టుకునే చిన్న నల్లా.

"తప్పు. గీడ నల్లా లేకుండె."

"ఉండె తాతా," అంది దాన్ని చేసిన శ్రీజ. పెద్దమందడి పిల్ల, వనపర్తిలో చదువుతోంది. "మా తాత కురుమయ్య చెప్పిండు."

కురుమయ్య అంటే దావూద్ తాతకు ఉద్యోగంలో జోడీ. బండి రాగానే ప్లాట్‌ఫారం పక్కన దావూద్, అవతలి పక్కన కురుమయ్య తనిఖీ చేస్తూ నడిచేవారు. ఎవరి పక్కకు వారిదే సంతకం. జోడీ పక్కకు తొంగిచూస్తే, నిన్ను నమ్మనని ముఖాన చెప్పినట్టే. ఆ వాగనేమో ముందుకూ వెనక్కూ పోయేదే కానీ ఎన్నడూ మళ్లింది కాదు, అవతలి పక్క తాత కంటపడిందే లేదు. నిండుగా పంపితే జానెడు తగ్గి చేరిందని పై స్టేషన్ల నుంచి ఫిర్యాదులొచ్చేవి. కారే చోటు కోసం తాత తన పక్క రివిట్లన్నీ వేయిసార్లు తట్టాడు. "నీ దిక్కు ఎట్లుందిర?" అని అరిస్తే, "ఎండిపోయుందన్నా!" అని అవతలి నుంచి జవాబొచ్చేది.

"దారిల గేటు కాడ బండి ఆగితే ఊరి ఆడోళ్లు బిందెలు పట్టుకునేటోళ్లంట," అంది శ్రీజ. "నల్లా మా తాతనే బిగించిండు. 'దావూదన్నకు చెప్తే రిపోర్టు రాస్తడు' అన్నడు. ఆయన పోయి ఏడాదాయె. మీరు తప్పంటే మా తాత అబద్ధమాడినట్టే."

"నిజంగ రాస్తుంటివా దాదా?" సిద్రా కళ్లెగరేసింది.

తాత తల వంచుకున్నాడు.

"తెలిస్తే రాస్తుంటి. వాని నౌకరీ పోతుండె."

మోకాళ్లు పట్టుకుని బల్ల ముందు కూలబడి, ఆ పక్కను కళ్లకు సమానంగా తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

"పదకొండేండ్లు నన్ను బేవకూఫ్ జేసిండు!" నవ్వబోయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కాగితం మీద పదికి తొమ్మిదిన్నర వేశాడు.

"అర ఎందుకు కోసినవ్?" సిద్రా పట్టుకుంది.

"రోజూ నీళ్లు కారిన కాడ ఇనుము గట్ల నిగనిగలాడుతదా? తుప్పేది?"

శ్రీజ ఇటుకరంగులో కుంచె ముంచి నల్లా కింద సన్నగా ఒక గీత దించి ఆయన వంక చూసింది.

"ఇంకా దించు, ఇంకా వెడల్పు," అన్నాడు తాత. "శానామంది పట్టుకున్నరు."