హేబేలు పెరటి చెట్లు

ఇంటి దగ్గర ఉన్నన్నాళ్ళూ హేబేలు మండుటెండలోనైనా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునే తిరుగుతాడు. ఆ చొక్కా కింద, కొబ్బరిమానుకి రాసుకుని రాసుకుని నల్లగా కాయకట్టిన రొమ్ము ఉంటుంది. అంబాజీపేటలో కాయ దింపే కూలి చాలక ఏటా కేరళ పోయి అక్కడి చెట్లెక్కుతాడు. అక్కడివాళ్ళకిచ్చే దాంట్లో సగమే అతనికిచ్చినా, అది ఇక్కడికంటే ఎక్కువే. తిరిగొచ్చాక మాత్రం ఊళ్ళో చెట్టు ముట్టుకోడు. తన పెరట్లో కాయలు దింపడానికి కూడా ఒడిశా నుంచి వచ్చిన రబిని పిలిచి, కింద కుర్చీ వేసుకుని, "పచ్చిగెల కాదెహె, ముదురుది చూడు!" అని అరుస్తుంటాడు.

మొన్న రబి దిగేసరికి రొమ్మంతా గీరుకుపోయి నెత్తురు చిమ్మింది. చేతిలో పెట్టిన కూలి చూసుకుని, "ఊరోళ్ళకి దీనికి రెండింతలిస్తారు కదా బాబూ. చెట్టు పొడుగు అందరికీ ఒకటే కదా," అన్నాడు.

"పాపం, ఇచ్చేయండీ," అంది హేబేలు భార్య పుష్పలత.

"నువ్వూరుకోవే," అని హేబేలు రబి వైపు తిరిగి నవ్వాడు. "మీ ఊళ్ళో ఇందులో సగవైనా వత్తాదేట్రా?"

కేరళలో తోట యజమాని ఏటా తనతో అనే మాటే అది.

రబి కూలి డబ్బులు మడిచి బొడ్లో దోపుకున్నాడు. "రాదు బాబూ," అని ఒప్పుకుని, రేపు పనేమైనా ఉందా అని అడిగాడు.