పంతులమ్మగారి వైరు బుట్ట

ఈ రోజు తెనాలిలో మా చీరల కొట్టుకు సంగం జాగర్లమూడి ఊరి పంతులమ్మగారు వచ్చారు. పది చీరలు చూసి, ఏదీ నచ్చలేదని లేచారు. నేను మడతలు పెడుతుంటే నెమలికంఠం రంగు చీర కనపడలేదు. ఆవిడను గుమ్మం దగ్గరే ఆపి, "ఆ వైరు బుట్ట ఒకసారి చూపించండమ్మా" అన్నాను. పక్కనే కూర్చున్న, పట్టుచీరలు కట్టుకున్నవాళ్ళ సంచులు మాత్రం అడగలేదు.

ఆవిడ బుట్టలోవన్నీ బయటపెట్టారు. చర్చి పాటల పుస్తకం, కళ్ళజోడు, ఖాళీ టిఫిన్ డబ్బా. తర్వాత నన్ను చూసి, "మరి మీ భుజం మీదున్నదేంటి బాబూ?" అన్నారు.

అంచు చూపించడానికి నేనే వేసుకున్న చీర!

"తప్పయిపోయిందమ్మా" అన్నాను. "పర్లేదండి" అన్నారు గానీ, డబ్బా సర్దుకుని నా వైపు చూడకుండానే గుమ్మం దిగి వెళ్ళిపోయారు.

రేపు ఇంటికెళ్ళి క్షమాపణ అడగాలనుంది. కానీ ఎందుకొచ్చావని ఆ ఊరివాళ్ళు అడిగితే, ఆవిణ్ణి దొంగ అనుకున్నానని నేనే చాటినట్టవుతుంది. మీరైతే వెళ్తారా?