మూడో పీరియడ్‌కి రాని పిల్ల

మా కాలేజీలో గొడుగు మేడమ్ అంటే తెలియనివాళ్ళు లేరు. ఆవిడ అసలు పేరు సిబ్బంది హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా కనపడదు. ఆ పుస్తకం నా దగ్గరే ఉంటుంది, నేను ఆఫీసు క్లర్కుని. అయినా నేనూ గొడుగు మేడమ్ అనే అంటాను, ఎదురుపడితే మాత్రం అక్కా అంటాను. నా నోరు మంచిది కాదని చాలామంది అభిప్రాయం. నిజమే. ఆవిడ దగ్గర మాత్రం అది కాస్త అదుపులో ఉండేది.

పద్దెనిమిదేళ్ళు వృక్షశాస్త్రం చెప్పింది. ఆ గ్రూపులో చేరేవాళ్ళు తగ్గి తగ్గి ఒక ఏడాది ఏడుగురే మిగిలారు. ఆవిణ్ణి ఏం చెయ్యాలో యాజమాన్యానికి తోచలేదు. నలభై రోజులు ఏదో శిక్షణకి పంపి, తిరిగొచ్చాక 'విద్యార్థి సలహా కేంద్రం' అని బోర్డు రాయించి, దాని కింద కూర్చోబెట్టారు. గదేమో పాత ల్యాబు సామాన్ల గది. గాజు సీసాలు తీసేసి ఏళ్ళయినా మందు వాసన గోడల్ని వదల్లేదు. తలుపుకి ఎదురుగా స్టాఫ్ రూము. ఇక ఏ పిల్ల వస్తుంది? ఆ గడప తొక్కితే సాయంత్రానికల్లా "దానికి పిచ్చంట" అని పేరు పెట్టేస్తారు. క్లాసు టీచరు చీటీ రాసి పంపిస్తే మరీ ఘోరం, యాభైమంది చూస్తుండగా ఆ చీటీ పట్టుకుని నడిచి రావాలి. మూడు నెలలు ఆవిడ ఖాళీ కుర్చీ ముందు కూర్చుంది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

ఒకరోజు నా దగ్గరికొచ్చి, "నీ బల్ల కింద పోయిన వస్తువుల పెట్టె ఉందిగా, అది నాకిచ్చెయ్" అంది.

"నీకెందుకక్కా ఆ చెత్త?"

"చెత్త కోసమైతే ఎవరైనా తలుపు కొట్టొచ్చు."

ఆ సాయంత్రమే బోర్డు పీకేయించింది. పెన్నులు, నీళ్ళ సీసాలు, ఒంటి చెవిపోగులు, ముఖ్యంగా గొడుగులు, అన్నీ ఆ గదిలో చేరాయి. "గొడుగు పోయింది మేడమ్" అంటూ పిల్లలు రావడం మొదలైంది. చుక్క వాన లేని నెలల్లో కూడా వచ్చేవారు. లోపల రెండు కుర్చీలు ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన వేసింది. ఇద్దరూ కిటికీలోంచి సైకిళ్ళ షెడ్డు చూస్తూ మాట్లాడుకోవచ్చు. మొహం చూడనక్కర్లేకపోతే పిల్లలకి నోరు పెగులుతుందని ఆవిడ నమ్మకం.

ఎవరి సంగతీ నాకు చెప్పేది కాదు. తెలుసుకోకపోతే నాకేమో అన్నం సయించదు. ఎంత గుచ్చి గుచ్చి అడిగినా "నీ టీ చల్లారిపోతోంది" అనేది. అందుకే ఆ కళ్ళజోడు పిల్ల గురించి నాకు ఆ గురువారం దాకా ఏమీ తెలియదు.

మా కాలేజీలో ఏ పీరియడ్‌కి రాకపోయినా తండ్రి ఫోనుకి మెసేజ్ పోతుంది. లెక్చరర్లు చీటీలు పంపుతారు, నేను కంప్యూటర్లో ఎక్కించి మీట నొక్కుతాను. ఆటల పీరియడ్‌కి మాత్రం హాజరు తీసుకోరు. గొడుగు మేడమ్ ఆ పిల్లని ప్రతి గురువారం మూడో పీరియడ్‌కి, అంటే ఆటల పీరియడ్‌లోనే రమ్మనేది. ఎవరికీ తెలియకుండా ఆరు వారాలు నడిచింది. ఆ గురువారం ఫిజిక్స్ లెక్చరరు మర్నాడు సెలవు పెడుతున్నానని ఆటల పీరియడ్ అడిగి తీసుకున్నాడు. పిల్ల అప్పటికే గదిలో ఉంది. ఆ మార్పు సంగతి వాళ్ళిద్దరికీ తెలియదు.

ఫిజిక్స్ వాడి చీటీలో ఒకే ఒక్క పేరు ఉంది. మీట నొక్కాను. రోజూ నొక్కేదే.

గంట కొట్టాక ఆవిడ మంచినీళ్ళకని ఆఫీసులోకి వచ్చింది. నేను ఊరికే, ఏదో మాట కలపాలని, "ఆ కళ్ళజోడు పిల్ల ఎప్పుడూ ఇంత బుద్ధిగా ఉంటుందే, ఇవాళ ఫిజిక్స్ ఎగ్గొట్టింది చూడు" అన్నాను.

ఆవిడ చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ఇవాళ ఆటలు కదా?"

"మార్చుకున్నారుగా."

"మెసేజ్ పంపించేశావా?"

పదిహేనేళ్ళుగా ఆవిణ్ణి చూస్తున్నాను, అలాంటి మొహం ఎప్పుడూ చూడలేదు. తలుపు దగ్గరగా వేసి, మొదటిసారి నోరు విప్పింది. ఆ తండ్రి పిల్లని కొడతాడు. కోపం వచ్చి కొట్టడం కాదు, లెక్కగా కొడతాడు. మార్కు తగ్గితే ఇన్ని, పది నిమిషాలు ఆలస్యమైతే ఇన్ని. బట్టలు కప్పే చోటే కొడతాడు. తల్లి నోరెత్తలేదు. పెద్దమ్మ వేరే ఊళ్ళో ఉంటుంది, సోమవారం వస్తానంది. ఆ పెద్దమ్మా, తల్లీ, పిల్లా కలిసి బాలల సంరక్షణ కార్యాలయానికి వెళ్ళేట్టు ఏర్పాటైంది. సోమవారం దాకా ఆయనకి అనుమానం రాకూడదు. అంతే కావలసింది, నాలుగు రోజులు.

"వేరేవాళ్ళకి చెప్పుకుందని తెలిస్తే చంపేస్తాడే" అంది. మాటవరసకి అన్నట్టు లేదు.

ఏం చెయ్యాలో తోచక ఇంకో మెసేజ్ కొట్టాను. 'పై సందేశం పొరపాటున వచ్చినది. మీ అమ్మాయి తరగతికి హాజరైనది.' పంపేశాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తెలివైన పని చేశామనే అనుకున్నాం.

ఇరవై నిమిషాలకి ఆయన వచ్చాడు. కొలతల పరికరాలు బాగుచేసే మనిషి, తూకాలూ త్రాసులూ. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. చెప్పులు గుమ్మం బయట జతగా విడిచి మరీ లోపలికొచ్చాడు. అరుస్తాడేమో, ఎదురు అరుద్దామని నేను గొంతు సవరించుకుని కూర్చున్నాను. ఆయన అరవలేదు. ఫోను నా బల్ల మీద పెట్టి, తెర నావైపు తిప్పి, చాలా మెల్లగా అడిగాడు.

"రెండు మెసేజ్‌లు వచ్చాయండి. వీటిల్లో ఏది నిజం?"

ఎప్పుడూ ఆగని నోరు అప్పుడే ఆగిపోవాలా! ఈలోగా ప్రిన్సిపాల్ గారు గదిలోంచి బయటికొచ్చారు. పాపం మంచివాడే, కానీ ఎవరైనా కాస్త గట్టిగా తుమ్మినా సర్దుకుపోదాం అనే రకం. గొడుగు మేడమ్ ముందుకొచ్చి, "నా దగ్గరికి వచ్చిందండీ. పోయిన వస్తువులు నా గదిలో ఉంటాయి. గొడుగు వెతుక్కోవడానికి వచ్చింది, కాస్త ఆలస్యమైంది" అంది.

ఆ మాట ఎన్ని వందలసార్లు పనికొచ్చిందో నాకు తెలుసు.

"మా అమ్మాయికి గొడుగు లేదండీ" అన్నాడాయన.

ఆయన ఆవిడవైపు చూసి చిన్నగా నవ్వాడు. "నలభై నిమిషాలు. ఏం మాట్లాడిందండీ మీతో?"

"ఏమీ మాట్లాడలేదు."

"సరే. ఇంటికి తీసుకెళ్తాను. అది కూడా మాట్లాడకపోతే అప్పుడు చూద్దాం."

ప్రిన్సిపాల్ గారు అవుట్ పాస్ కాగితం తీసి సంతకం పెట్టేశారు. "కన్నతండ్రి తీసుకెళ్తానంటే మనమెవరం మేడమ్ కాదనడానికి" అని నా వైపు తోశారు. దాని మీద నేను ముద్ర వెయ్యాలి. ముద్ర లేనిదే గేటు దాటనివ్వరు. అటెండరు పిల్లని పిలుచుకొచ్చాడు.

పదహారేళ్ళుంటాయి, సన్నగా ఉంటుంది. గుమ్మంలో నిలబడి ముందు తండ్రిని చూసింది, తరవాత బల్ల మీద ఫోను చూసింది. "రా తల్లీ" అన్నాడాయన, ఎంతో మెత్తగా. అప్పుడా పిల్ల కళ్ళజోడు తీసింది. సంచిలోంచి చిన్న పెట్టె తీసి, జోడు అందులో పెట్టి, మూత నొక్కి, పెట్టెని పుస్తకాల మధ్య భద్రంగా సర్దింది. సంచి జిప్పు వేసుకుని, కళ్ళు చికిలించుకుంటూ నిలబడింది.

నాకేమీ అర్థం కాలేదు. గొడుగు మేడమ్‌కి అర్థమైంది. ఇంట్లో దెబ్బలు మొదలయ్యే ముందు ఆ పిల్ల చేసే పని అదేనట. జోడు పగిలితే దానికి మళ్ళీ వేరే లెక్క ఉంటుంది.

నేను ముద్ర ఎత్తాను. ఆవిడ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఈ పిల్ల ఇవాళ మీతో రాదు" అంది. ఆవిడకి గుసగుస తప్ప రాదనుకునేదాన్ని. ఆ గొంతు వరండా దాకా వినపడింది. "మీరు దీన్ని ఏం చేస్తున్నారో నాకు ఆరు వారాలుగా చెప్తోంది. తేదీలతో సహా రాసుకున్నాను. బాలల సంరక్షణ వాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను, వాళ్ళొచ్చేదాకా మీరూ ఇక్కడే ఉండండి."

ఆ మాటలకి స్టాఫ్ రూములోంచి నలుగురు తొంగిచూశారు. కిటికీ దగ్గర పిల్లలు పోగయ్యారు. ప్రిన్సిపాల్ గారు "మేడమ్, మేడమ్, మెల్లిగా" అంటూ చేతులు నలుపుకున్నారు. నేను ముద్ర తీసుకెళ్ళి సొరుగులో పడేసి తాళం వేశాను. నా బతుకులో నేను చేసిన ధైర్యమైన పని అదొక్కటే, అది కూడా భయంతోనే చేశాను.

ఆయన కదల్లేదు, అరవలేదు. ఫోను జేబులో పెట్టుకుని, "మంచిది. అది నా కూతురు. ఎక్కడికి పోతుంది?" అన్నాడు.

పిల్ల మాత్రం తండ్రిని చూడటం లేదు. జోడు లేని కళ్ళతో గొడుగు మేడమ్ ఎక్కడుందో వెతుక్కుని, ఆవిడవైపే చూస్తోంది.

"ఎవరికీ చెప్పనన్నారు కదా మేడమ్."

ఆవిడ నిజంగానే అలా చెప్పిందట. ప్రాణానికి ముప్పనిపిస్తే మాత్రం చెప్పాల్సి వస్తుందని కూడా మొదటి రోజే అనాలని శిక్షణలో నేర్పారట. అది అంటే పిల్లలు మళ్ళీ నోరు మూసుకుంటారని, ఎవరి దగ్గరా అనలేదట.

కార్యాలయం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. రాత్రికల్లా పెద్దమ్మ దిగింది. పిల్ల ఆవిడతో వెళ్ళిపోయింది. నెల తరవాత టీసీ కోసం పెద్దమ్మ ఒక్కతే వచ్చింది. "తింటోంది, నిద్రపోతోంది, చదువుకుంటోంది" అని చెప్పింది. గొడుగు మేడమ్ గదిదాకా తీసుకెళ్ళాను. "ఒక్కసారి నాతో ఫోన్లో మాట్లాడుతుందా అమ్మా?" అని అడిగింది ఆవిడ. పెద్దమ్మ ఇబ్బందిగా చీర కొంగు సర్దుకుంది. "అడిగానండీ. వద్దంది" అని చెప్పింది.

ఆ గదికి మళ్ళీ ఒక్కరూ రాలేదు. ఆఫీసులో అందరి ముందూ చెప్పేసిందట అన్న మాట ఒక్క రోజులో కాలేజీ అంతా పాకింది. పిల్లల్ని ఏమని తప్పుపడతాం? నేనే కూర్చోబెట్టి ఇద్దరు ముగ్గురికి నచ్చజెప్పాను. బుద్ధిగా తలూపి వెళ్ళిపోయారు.

ఇంటర్వెల్‌లో ఆవిడ గుమ్మం దగ్గర నిలబడుతోంది. తొమ్మిది వందలమంది ముందు నుంచి నవ్వుకుంటూ, తోసుకుంటూ పోతారు. నిన్న టీ పట్టుకెళ్ళి ఇచ్చి నేనూ పక్కన నిలబడ్డాను.

"ఒక పిల్ల బతికింది కదక్కా. ఇంకా ఏమిటి నీకు దిగులు?" అన్నాను.

ఆవిడ టీ ముట్టుకోలేదు. వరండాలో పోతున్న మొహాల్నే ఒక్కొక్కటిగా చూస్తోంది.

"ఆ పిల్ల ఎవరో నాకు తెలిసింది కాబట్టి బతికింది. వీళ్ళల్లో ఎవరో నాకు తెలియదే."