తొమ్మిదో నంబరుకు సెలవు

కామారెడ్డి గంజ్‌లో, బెల్లం తూచే కాంటాకు ఎదురుగా ఉండేది నా దర్జీ దుకాణం. నేను కుట్టిన షేర్వానీల గురించి ఎవరూ మాట్లాడరు గానీ, హమాలీల కబడ్డీ బనీన్ల మీద వేసిన నంబర్ల గురించి ఇప్పటికీ అడుగుతారు. అడిగినప్పుడల్లా నాకు చిరాకు వస్తుంది. ఆ నంబర్లలో ఒకదానితో నేను ఒక మనిషిని ఏడేళ్లు కట్టేశాను. ఆ మనిషి సాయిలు.

గంజ్‌లో హమాలీల బిళ్లలు ఇరవై. ఇత్తడివి, జబ్బకు కట్టుకునేవి, ఒక్కోదాని మీద ఒక్కో నంబరు. బిళ్ల లేనివాడు మూట ముట్టకూడదు. సత్తువ తగ్గినవాడు తన బిళ్లను తమ్ముడికో కొడుకుకో అల్లుడికో ఇచ్చి కూర్చుంటాడు. ఇరవై ఒకటో బిళ్ల అనేది లేదు. ఏటా బెల్లం సీజన్ అయిపోయాక మా గంజ్‌కూ ఎల్లారెడ్డి గంజ్‌కూ కబడ్డీ పోటీ. బిళ్ల మీద ఏ నంబరుంటే బనీను మీద అదే నంబరు. బిళ్ల చేతులు మారితే బనీనూ మారేది. పాత గొడుగుల నల్లగుడ్డ కత్తిరించి పసుపు బనీన్ల మీద ఆ నంబర్లు కుట్టేవాణ్ణి నేను.

సాయిలుది తొమ్మిది. 1974లో తండ్రి జబ్బ నుంచి అతని జబ్బకు వచ్చింది. మనిషి సన్నం, మాట తక్కువ. కూతకు వెళ్తే మాత్రం వేరే మనిషి. 1979లో ఎల్లారెడ్డిలో మావాళ్లంతా అవుటై అతనొక్కడే మిగిలాడు. ఒక్క కూతలో నలుగురిని ముట్టి, మీద పడ్డ ఇద్దరిని ఈడ్చుకుంటూ గీత అందుకున్నాడు. ఆ రోజు లారీలో తిరిగి వస్తూ నేను గొంతు పోయేలా అరిచాను. రెండు రోజులు దుకాణానికి వచ్చిన గిరాకీలతో సైగలే.

1986లో అదే ఎల్లారెడ్డి బరిలో అతని కుడి మోకాలు మెలిపడింది. నెల రోజులు మంచం మీద ఉన్నాడు. ఆ నెలలోనే నా బుర్రలో పురుగు తొలిచింది. మిర్చీలు కట్టిచ్చిన పేపరు ముక్క చదివాను. ఏదో దేశంలో గొప్ప ఆటగాడు ఆట మానేస్తే అతని నంబరు ఇక ఎవరికీ ఇవ్వరట, నంబరుకే సెలవట. కాగితం అక్కడికి చిరిగిపోయింది. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది నాకు. చదివినంత మేరకే పట్టుకెళ్లి హమాలీ సంఘం పెద్ద మైసన్నకు వినిపించాను.

సాయిలు కుంటుకుంటూ గంజ్‌కు వచ్చిన రోజే సభ పెట్టారు. తొమ్మిదో నంబరు ఇక ఎవరూ తొడగరాదని మైసన్న ప్రకటించాడు. పూలదండ వేశారు. బనీనుకు నేనే అద్దం కట్టించి సంఘం గదిలో, కిటికీ ఎదురుగా తగిలించాను. అందరూ చప్పట్లు కొడుతుంటే సాయిలు నేల చూస్తూ కూర్చున్నాడు. బిడియం అనుకున్నాం. మా తెలివి అంతవరకే.

అతను ఆ పొద్దున తన బిళ్లను తమ్ముడు లింగయ్యకు ఇచ్చేస్తానని చెప్పడానికి వచ్చాడు. ఆ సంగతి అతని భార్య పోచవ్వ నాతో అనేసరికి రెండేళ్లు గడిచాయి. లింగయ్య గాంధారి అనే ఊళ్లో కూలి దొరికిన రోజు తిని, దొరకని రోజు పస్తుండే మనిషి. బిళ్ల అతను కట్టుకుని, రెండిళ్లూ కలిసి బతకాలని అన్నదమ్ముల ఒప్పందం. కానీ కొత్తగా బిళ్ల కట్టినవాడు ఆ ఏడు బరిలోకి దిగాల్సిందే, దిగితే ఆ నంబరు తొడగాల్సిందే. తొమ్మిదిని తొడగరాదన్నాక తొమ్మిదో బిళ్ల ఎవరికిస్తారు? సాయిలు ఒకసారి ఆ మాట కదిపితే మైసన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. "నువ్వు ఉండంగ తొమ్మిది ఇంకొకని జబ్బకు సూడలేం సాయిలూ" అన్నాడట. అంత ప్రేమగా కాదన్నవాడితో ఎవడు గొడవ పడతాడు?

అట్లా నంబరు అద్దంలో విశ్రాంతి తీసుకుంటూ ఉంటే, మనిషి మూటలు మోస్తూనే ఉన్నాడు. పొద్దున మోకాలికి గుడ్డ చుట్టుకుని, మధ్యాహ్నం విప్పి పిసుక్కుని, మళ్లీ చుట్టుకునేవాడు. లారీకి వేసిన పలక ఎక్కేటప్పుడు ముందు ఎడమకాలు పెట్టి, కుడికాలిని చేత్తో పైకి జరుపుకునేవాడు. కొత్తవాళ్లు అద్దంలో బనీనుకు దండం పెట్టి పనిలోకి వెళ్లేవాళ్లు. పలక మీద వెనకబడ్డ సాయిలును మాత్రం పక్కకు జరగమనేవాళ్లు. మెషీన్ ముందు కూర్చుని ఇదంతా చూసేవాణ్ణి, నోరు విప్పేవాణ్ణి కాదు. గంజ్ అంతా మెచ్చిన ఆలోచన నాదని చెప్పుకోవడం రుచి మరిగాను మరి. సిగ్గుగానే ఉంది, అయినా చెబుతున్నాను.

1993 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం సాయిలు పలక మీదే కూలబడ్డాడు. బెల్లం మూట కింద పడి పగిలింది. అతనే లేచి, కుంటుతూ వచ్చి నా గడప మీద కూర్చున్నాడు.

"జిలానీ భాయ్, ఈ ఇజ్జత్ ఇగ నాతోని గాదు. నువ్వే కుట్టినవ్, నువ్వే ఇప్పు."

కత్తెర తీసుకుని నేరుగా సంఘం గదికి వెళ్లాను. అద్దం దించి, మైసన్న కళ్ల ముందే కుట్లు విప్పాను. గొడుగుగుడ్డ ఊడి వచ్చింది. ఏడేళ్ల ఎండకు బనీను వెలిసిపోయింది గానీ గుడ్డ కింద రంగు కొత్తగానే ఉంది. తొమ్మిది ఇంకా కనిపిస్తూనే ఉంది. మైసన్న నా చెయ్యి పట్టుకోబోయాడు. మనం తొమ్మిదికి సెలవిచ్చాం గానీ సాయిలుకు ఇవ్వలేదని చెప్పాను. అతనికి వెంటనే ఎక్కలేదు. కిటికీలోంచి పలక వైపు చూపించాను. పగిలిన బెల్లం మీద ఈగలు ముసురుతున్నాయి. మైసన్న అటు చూసి, లింగయ్యకు కబురు పెట్టమన్నాడు.

రెండు రోజులకు సాయిలు తన బిళ్ల విప్పి తమ్ముడి జబ్బకు కట్టాడు. తర్వాత వచ్చి నా బల్ల మీద కూర్చుని కాళ్లు చాపుకున్నాడు. కుడికాలు పూర్తిగా సాగలేదు. నేను ఆ గొడుగుగుడ్డ తొమ్మిదినే లింగయ్య కొత్త బనీను మీద కుడుతున్నాను. సాయిలు అది చూస్తూ నెమ్మదిగా అడిగాడు.

"ఆ మిర్చీల కాయితంల, నంబరుకు సెలవిచ్చినంక ఆ మనిషి ఏం పని జేస్కొని బతికిండో రాసిన్రా?"

కాగితం అక్కడికి చిరిగిపోయిందని చెప్పాను. అతను తల ఊపి, మోకాలు పిసుక్కుంటూ కూర్చున్నాడు. ఏడేళ్ల కిందట ఆ ప్రశ్న అడగాల్సింది నేను.