ఎత్తి పోసుకున్న యంగోనా

ఆ రోజుల్లో, అంటే ఐదేళ్ల గిర్మిట్, అదే చెరకుతోటల కూలి ఒప్పందం, ముగించుకుని ఫిజీలోని లబాసాలో కూలీలుండే వరసగదుల లైన్ల నుంచి బయటపడబోతున్న కాలంలో, తాగడంలో నన్ను మించినవాడు ఈ దీవిలో లేడని నాకు గట్టి నమ్మకం. మా ఊళ్లో తాటికల్లు ఎంత పట్టించినా తూలేవాణ్ణి కాదు (తూలిన రోజులు నాకు గుర్తుండవు కాబట్టి ధైర్యంగానే చెబుతున్నాను). అందుకే, ఏటి ఒడ్డు నేల కౌలుకు కావాలంటే ఫిజీవాళ్ల పల్లె పెద్దతో కూచుని యంగోనా తాగాలని మా బావ చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. యంగోనా అంటే ఒక మొక్క వేరును దంచి నీళ్లలో పిసికి తీసిన రసం. ఈ దేశంలో అది తాగకుండా ఏ మంచిమాటా మొదలవదు.

"ఏరు పిసికిన నీల్లు నన్నేటి సేత్తాయి బావా?" అన్నాను.

"నోర్మూసుకుని ఇను. కొబ్బరిసిప్పలో పోసి ఇచ్చేముందు ఒక సప్పట కొట్టాల. ఒక్క గుక్కలో తాగాల. తాగినాక మూడు సప్పట్లు. ఆ నేల రాకపోతే మల్లీ తోటలో సర్దారు కిందే కూలికి ఏలిముద్ర ఎయ్యాల, తెలిసిందా" అన్నాడు బావ.

తెలియకేం. మా ఆవిడకు నెలలు నిండుతున్నాయి. బిడ్డ ఆ లైను గదిలో పుట్టడానికి వీల్లేదని ఆమె నెల రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పెద్దకు చెప్పవలసిన నాలుగు ఫిజీ మాటలు చెరకు నరుకుతూనే బట్టీపట్టాను.

మధ్యాహ్నం పెద్ద ఇంట్లో చాపల మీద వరసగా కూచున్నాం. కొయ్య తొట్టిలో బురదనీళ్ల రంగు రసం, దాన్ని ముంచడానికి ఒకే ఒక్క కొబ్బరిచిప్ప. పెద్ద తాగాడు. అదే చిప్పతో పక్కవాడు తాగాడు, ఆ పక్కవాడూ తాగాడు. ఎంగిలి! (ఈ దేశానికి వచ్చిన ఓడలో, లైన్లలో అందరితో కలిసి ఒకే కుండలోది తిన్నవాణ్ణే. ఐదేళ్లుగా గుర్తురాని ఎంగిలి సరిగ్గా అక్కడే గుర్తొచ్చింది.) చప్పట కొట్టి చిప్ప అందుకున్నాను. ఇంట్లో చెంబెత్తి నీళ్లు పోసుకున్నట్టే తల వెనక్కి వాల్చి, జానెడు ఎత్తు నుంచి వంచాను. చెంబుకు వంపు తిరిగిన అంచు ఉంటుంది, చిప్పకు ఉండదు. సగం ముక్కులోకి, పావు కళ్లలోకి, మిగిలింది పెద్ద కూచున్న చాప మీదికి పోయింది. అయినా మూడు చప్పట్లు కొట్టాను.

పెద్ద ఇంకో చిప్ప నింపించాడు. ఈసారి భయంతో పెదవి ఆనించి తాగాను. తరువాత ఇంకోటి, ఇంకోటి. నాలుగోదానికి నాలుక మొద్దుబారి, బట్టీపట్టిన మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. నా నేల పోయిందనుకున్నాను.

అప్పుడు పెద్ద వాళ్ల భాషలో మా బావను అడిగాడు (మాట్లాడటం రాకపోయినా ఐదేళ్లుగా వింటున్నాను కాబట్టి నాకు అర్థమైంది), నేనలా ఎందుకు పోసుకున్నానని. బావ చేతులు కట్టుకుని, ఆ భాషలోనే, "మా దేశంలో మర్యాదయ్యా. తన నోరు తగిలి ఇంకొకరి గిన్నె మైలపడకూడదని అలా తాగుతాం" అన్నాడు.

అబద్ధం. నేను భయపడింది వాళ్ల నోటికి. ఆ మాట చెప్పడానికి నాకు నాలుక లేదు, ఉన్నా చెప్పేవాణ్ణి కాదు. పెద్ద నా వైపు తిరిగి, ఇంకొకరి గిన్నెను ఇంత జాగ్రత్తగా చూసుకునేవాడు నేలను పాడుచెయ్యడన్నాడు.

మా పెద్ద కూతురు ఆ నేల మీదే పుట్టింది. బిడ్డను చూడటానికి పల్లె పెద్ద వచ్చాడు. మా ఆవిడ చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన నా వైపు చూసి నవ్వి, చెంబును తలకు పైగా ఎత్తి, నన్ను గౌరవించడానికి నాలాగే పోసుకున్నాడు. చొక్కా అంతా తడిసింది.

నిజం చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. ఆ రోజు నా నాలుక బాగానే ఉంది. అయినా లేచి తువ్వాలు తెచ్చిచ్చాను, అంతే. ఇప్పుడు నేనూ ముసలివాణ్ణయ్యాను. రోజూ అందరూ తాగే చిప్పకే పెదవి ఆనించి తాగుతున్నాను, ఎత్తి పోసుకోవాలంటే మాత్రం సిగ్గేస్తుంది.