అవ్వకు అరువు గొంతు

సెల్‌ఫోను మోగితే నాలుగిళ్లవాళ్లు తొంగిచూసే ఆ కాలంలో, నేను కడపలో ఒక టీవీ చానెల్‌కు కొత్త విలేకరిని. మెడలో గుర్తింపు కార్డు పడిన నాటి నుంచి నా తల కిందికి దిగేది కాదు. నెలలోగా ఒక మంచి కార్యక్రమం చేసి చూపాలి, లేకపోతే కార్డు వెనక్కిచ్చేసి మా నాయన బట్టల అంగట్లో కత్తెర పట్టాలి. అలాంటి సమయంలో హైదరాబాదు నుంచి ప్రొడ్యూసర్ ఫోన్ చేసి, "సీమ వంట కావాలి. రాగిసంగటి, నాటుకోడి. మీ ఇంట్లోనే తీద్దామా?" అన్నాడు. "అట్లాగే సార్" అనేశాను. (మాది గుడ్డు పేరు కూడా గొంతు తగ్గించి పలికే శెట్ల ఇల్లు. ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదు.)

ఒకటే ధైర్యం, ఇంట్లోవాళ్లంతా మంత్రాలయం పోయారు, సాయంత్రానికి గానీ రారు. పక్కింటి అత్తను బతిమాలి పెరట్లో పొయ్యి పెట్టించాను. కోడిని జామచెట్టుకు కట్టేశాను. హైదరాబాదు నుంచి దిగిన ప్రొడ్యూసర్, కెమెరా అబ్బాయి లైట్లు సర్దుతుండగా వీధిలో ఆటో ఆగింది. పొద్దున రైలే దొరికిందట! ముందుగా దిగింది మా అవ్వ. పక్కింటి అత్త గరిటె నా చేతిలో పెట్టి గోడ దాటి మాయమైంది. నాకు ఆ దారి కూడా లేదు.

అవ్వ ప్రసాదం పొట్లంతో పెరట్లోకి వచ్చి నిలబడింది. కోడి నోరు మూసుకోవచ్చు కదా, సరిగ్గా అప్పుడే కూసింది.

"ఎవురిదిరా ఈ కోడి?"

"టీవీకి... సీమ వంట అవ్వా..." నా మాట నాకే వినపడలేదు.

ప్రొడ్యూసర్ ఎదురొచ్చి, "సీమ అంటే నాటుకోడే కదండీ!" అన్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"ఎవురు జెప్పినారప్పా? డెబ్భై ఏండ్లుగా ఈడనే తింటాండా, కోడి ముట్టింది లేదు. నేను సీమదాన్ని గాదా? ఉగ్గాని చేస్తా, కూసో."

కాళ్లు కడుక్కొచ్చి ఉగ్గానికి బొరుగులు, అదే మరమరాలు, నానేసింది. తిరగవాత పెట్టగానే ఆ పోపు వాసనకు ప్రొడ్యూసర్ మెత్తబడ్డాడు, మిరపకాయ బజ్జీ కొరికాక పూర్తిగా లొంగిపోయాడు. (కోడి కూడా బతికిపోయింది.)

పోతూ పోతూ నన్ను పక్కకు పిలిచాడు. "వంట బాగుంది. పెద్దావిడ మాటే మరీ మెత్తగా ఉంది, సీమ గొంతులా లేదు. హైదరాబాదులో వేరే ఆవిడతో చెప్పిస్తాం. నీకేం ఇబ్బంది లేదుగా?"

"లేదు సార్" అన్నాను, మెడలో కార్డు తడుముకుంటూ.

ప్రసారం రోజు వీధంతా మా ఇంట్లోనే. తెర మీద అవ్వ నోరు తెరవగానే ఎవరో ఆవిడ తొడగొట్టినట్టు గర్జించింది. అందరూ పగలబడి నవ్వారు. అవ్వ నవ్వలేదు.

"ఇదెవురి గొంతురా? నేను ఉగ్గాని చేస్తాండానా, ఎవుర్నన్నా నరకతాండానా?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అవ్వ పోయి చాన్నాళ్లయింది. ఆమె కదిలే బొమ్మ మా దగ్గర ఉన్నది ఆ క్యాసెట్ ఒక్కటే, దాన్నిండా ఆ పరాయి గర్జనే. ఒక్కచోట మాత్రం అవ్వ పొయ్యి వైపు తిరిగి ఉంది. పెదవులు కనపడలేదేమో, కెమెరా పట్టిన అబ్బాయితో అన్న ఆ మాటను మార్చడం మరిచిపోయారు. "జరుగప్పా, తిరగవాత మాడిపోతాండాది." అంతే, మూడు మాటలు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వెనక్కి తిప్పి తిప్పి వింటుంటాను. ప్రతిసారీ, నాకు తెలియకుండానే, కుర్చీలో కాస్త పక్కకు జరుగుతాను.